రెండో మూడున్నర

ముహు దీవిలో వాన.
విర్వె కిటికీ బయట తీగ మీద
ఎవరో మరచిన ఎర్ర స్వెటర్.
లోపల, పడవ టికెట్ల ప్రోగ్రాము.

మొదటి సహాయకి రాస్తుంది, గబగబా,
అడిగినదానికి రెండు ఫంక్షన్లు ఎక్కువే.
రెండోది పోయిన నెల వచ్చింది,
దాని పని చదవడం.
పెళ్ళిపత్రికలో అచ్చుతప్పులు వెతికే
మేనమామలా చదువుతుంది.

"ఇక్కడ సున్నా వస్తే?"
"రాదు."
"వస్తే?"
మొదటిది క్షమించమని దిద్దుకుంటుంది.
ఈ తగవు వింటూనే
విర్వెకి రోజూ కాఫీ చల్లారేది.

నిన్న మాత్రం రెంటికీ కుదిరింది.
పరీక్షలన్నీ పచ్చగా,
ఒక్క ప్రశ్న లేదు.
పక్కగదిలో పిల్లల అల్లరి ఉన్నట్టుండి ఆగితే
తల్లి లేచి వెళ్ళి చూసినట్టు
ఆమె కోటు తగిలించుకుని
రేవుకి నడిచింది.

ఎండెల్ మోకు చుడుతున్నాడు.
తడి చేత్తో ఫోన్ పట్టుకుని
అక్టోబరు చివరి ఆదివారం దగ్గర ఆగాడు.
"మూడున్నర పడవా? ఏ మూడున్నర?
ఆ రాత్రి గడియారం వెనక్కి తిప్పుతాం,
మూడున్నర రెండుసార్లు వస్తుంది.
ఉన్న పడవ ఒకటే."

ఇద్దరూ శ్రీవైష్ణవులే,
బుట్టలో రొయ్యలు మాత్రం మాయం!

ఇంటికొచ్చి అడిగితే
"నేను అడగాల్సిన ప్రశ్న అది" అంది రెండోది.
మొదటిది అప్పటికే రాసేస్తోంది.
"ఆగు" అంది విర్వె.

ముందు తనే, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ,
కొత్త పరీక్ష ఒకటి రాసింది.
దానికి ఎండెల్ అని పేరు పెట్టింది.
అది ఎర్రగా వెలిగాక
కాఫీ వేడిగా తాగింది.