లేని మేడ

పచ్చకాగితం మీద ఆయన పేరు.
కొల్లాటి ధర్మరాజు, పక్కన లేటు.
తెల్లారకుండానే అందరికన్నా ముందు రేవుకెళ్ళే మనిషికి
మున్సిపాలిటీ పెట్టిన మాట అది.

కింద అంకెలు.
గ్రౌండ్ ఫ్లోరు ఆరువందల పన్నెండు చదరపు అడుగులు.
ఫస్ట్ ఫ్లోరు ఆరువందల పన్నెండు.
కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని మళ్ళీ చదివాను.
మా ఇంటికి ఫస్ట్ ఫ్లోరు లేదు.

మెట్లున్నాయి.
పదిహేడు మెట్లు, పక్కగోడ పట్టుకుని పైకెళ్ళి
అక్కడితో ఆగిపోతాయి.
ఆ ఏడు తుపానుకి వలా ఇంజనూ రెండూ పోయాయి.
"వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు.
ఆ మెట్ల మీద మిరపకాయలెండాయి, పిల్లులీనాయి,
వచ్చే ఏడు మాత్రం ఎక్కి రాలేదు.

కొలవడానికొచ్చిన కుర్రాడు టేపు తీసినట్టు నాకు గుర్తులేదు.
వీధిలో నించుని మెట్లు చూసుంటాడు,
మెట్లుంటే మేడుంటుంది కదా అనుకునుంటాడు.
మా ఆయనా అలాగే అనుకున్నాడు లెండి.

లేసు అల్లే చేతులు నావి.
పువ్వులో ఒక కన్ను ఎక్కువైతే వేలే చెప్పేస్తుంది.
అందుకని నేనే కొలిచాను,
దుప్పటి అంచులు చూసుకునే టేపుతో,
అవతలి కొస మరియమ్మగారి చిన్నది పట్టుకుంటే.
వీధివైపు ఇరవైనాలుగు, లోతు ఇరవై అయిదున్నర.
హెచ్చవేస్తే పాత రిజిస్టరు అంకె
కన్ను తప్పకుండా కుదిరింది.
కింద అబద్ధం లేదు. ఉన్నదంతా పైనే.

సచివాలయంలో ప్రవల్లిక అని ఒకమ్మాయి.
"నోటీసు అందిన రోజునుంచి లెక్కండీ.
గడువు దాటిందా, లేని మేడైనా ఉన్నట్టే."
అసెస్‌మెంట్ నంబరు, పాత రసీదు, ఇంటి ఫొటో
ఒక్కోటీ వేళ్ళ మీద చెప్పింది.
"పేదరాల్ని, కనికరించండి అని రాయకండి.
ఏది తప్పో అదొక్కటే రాయండి."

రాయడానికి కూర్చున్నాను.
మా ఇంటికి పై అంతస్తు లేదు.
ఇంతే వాక్యం. చిక్కుపడ్డ దారంలా చెయ్యి ఆగిపోయింది.
ఆయన బతికుండగా కట్టలేని మేడ
ఈ ఒక్క కాగితం మీదే పూర్తయింది,
శ్లాబు పడింది, గోడలు లేచాయి,
ఆర్నెల్లకింత అని ఖరీదు కూడా కట్టారు.
దాన్నిప్పుడు నా చేత్తో కూలగొట్టాలి.

తర్వాత ఆ ఖరీదుని దుప్పట్లలోకి మార్చి చూశాను.
ఏజెంటు ఇచ్చే కూలి ప్రకారం
ఏడాదికి నాలుగున్నర దుప్పట్లు.
ఎవరూ పడుకోని గదుల కోసం.
రాసేశాను.

పరిశీలనకి ఒక పెద్దాయనొచ్చాడు,
గోదారి గాలికి ఫైలెగరకుండా రొమ్ముకదుముకుని.
మెట్లెక్కాడు. పదిహేడో మెట్టు మీద నించున్నాడు.
అక్కణ్ణుంచి వశిష్ఠ కనిపిస్తుంది,
సఖినేటిపల్లి కొబ్బరితోపులు, మధ్యలో పంటు.
ఎంతసేపటికీ దిగడే.
"కనపడిందాండీ మేడ?" అన్నాను కిందనుంచి.
"గాలి బావుందండీ" అన్నాడు.

దిగాక దొడ్లో బాత్రూము నేనే చూపించాను.
నిరుడు కట్టించింది, ఆరూ ఏడూ, వాళ్ళ లెక్కలో లేదు.
మరియమ్మగారు వినుంటే నెత్తి బాదుకునేది.
ఏం చెయ్యను, కన్ను తప్పిన అల్లిక ఇంట్లో ఉంటే
నాకు నిద్ర పట్టదు.
ఆయన నావైపొకసారి చూసి
నలభై రెండు అని రాసుకున్నాడు.

కొత్త కాగితమొచ్చింది.
మేడ పోయింది, బాత్రూము చేరింది.
మొన్న సోమవారం కట్టేసి రసీదు తెచ్చుకున్నాను.
రసీదు మీద పేరింకా ఆయనదే, పక్కన లేటు.
మార్చాలంటే వేరే అర్జీ పెట్టాలంది ప్రవల్లిక.
దానికీ గడువుందా అని
నేను అడగలేదు.