నీలం దారం

రాత్రి రెండు దాటింది.
శ్రీకాకుళం పెద్దాసుపత్రి, మేడ మీద లేబు.
ఇంక్యుబేటరు తలుపు తీస్తే
వెచ్చటి పాచి వాసన మొహానికి తగిలింది.
డెబ్బై నాలుగో పళ్లెం.
బొడ్డ దండాసి, నలభై ఒకటి,
భావనపాడు వైపు రొయ్యల చెరువుల కాపలా.
ఎడమకాలి పుండులోంచి తీసిన చీము.

నిన్న ఈ పళ్లెంలో ఆరు తెల్ల బిళ్లలు పెట్టాను.
మందు పనిచేస్తే ప్రతి బిళ్ల చుట్టూ
మండే పొయ్యి చుట్టూ చీమలు వదిలేసినట్టు
కొంత ఖాళీ జాగా మిగలాలి.
ఏదీ?
అంచులదాకా వచ్చి
నిమ్మళంగా కాపురం పెట్టింది పురుగు.
సిప్రోకి చేరబడింది. జెంటామైసిన్‌ని దిండు చేసుకుంది.
ఆఖరి బిళ్ల దగ్గర మాత్రం
గోరంచంత మొహమాటపడింది.

రిజిస్టరులో ఐదుసార్లు ‘లొంగదు’ అని రాశాను.
ఆరోసారి పెన్ను ఆగింది.

కింద వరండాలో కూర్మమ్మ.
ఒళ్లో సంచి, సంచిలో సగం వాడిన మాత్రల అట్టలు.
“నొప్పి తగ్గిపోనాదని ఒగ్గీసినాడు బావూ.
సెరువులోకి బస్తాలకి బస్తాలు మందు
సేతుల్తోటే కలిపీవోడు.
అంత మందులో మునిగినోడికి
మందు పన్జెయ్యకపోడమేటి?”

నా దగ్గర జవాబుంది,
ఆమెకి చెప్పే నోరు లేదు.

ఇంటరు చదివే రోజుల్లో, విజయనగరం.
ప్రాక్టికల్సుకి కప్ప తెస్తే రెండు రూపాయలు.
నేనూ తవిటినాయుడూ హాస్టలు వెనక మురుక్కాలువలో పట్టి
గోనెలోంచి దూకకుండా కాలికి నీలం దారం కట్టేవాళ్లం.
ఓ కప్పకి మత్తు చాల్లేదు.
పొట్ట మీద తోలు కోసేసరికి లేచి,
గుండుసూదులతో సహా కిటికీలోంచి
మళ్లీ అదే కాలువలోకి.
పదకొండు రోజుల తరవాత చూశాం.
సబ్బు నురగ, కుళ్లిన అన్నం, ఇంకేవేవో తేలే నీళ్లలో
అది, దాని కాలికి మా దారం.
పొట్ట మీద సన్నటి గీత.
చీము చుక్క లేదు.

“దీని జాతకం గట్టిదిరా,” అన్నాడు తవిటినాయుడు.

జాతకం కాదు, తోలు.
చాలా ఏళ్లకి ఓ శిక్షణ తరగతిలో విన్నాను:
ఆ జిగట తడిలో చిన్న చిన్న ప్రోటీను ముక్కలుంటాయట.
మన మందులు చాలావరకు తాళంకప్ప వెతుకుతాయి,
పురుగు తాళం మార్చేస్తుంది.
ఇవి తాళం జోలికి పోవు,
గోడకే కన్నం వేస్తాయి.
గోడ మొత్తం మార్చుకోవడం
ఎంత పురుక్కైనా కష్టమే.

రొయ్యకీ ఉన్నాయట, నీళ్లలాంటి దాని నెత్తుట్లో.
ఒంట్లోనే వైద్యుణ్ణి పెట్టుకున్నదాని చెరువులో
మనం బస్తాలు విప్పాం.
మనిషి చెమటలోనూ ఉన్నాయట.
రాత్రంతా ఉప్పుగాలిలో గట్టు మీద తిరిగే దండాసి,
తువ్వాలుతో తుడిచి పిండేసే ఆ చెమటలోనూ.

అయితే ఏం?
అదింకా ఈ ఆస్పత్రి సీసాలోకి రాలేదు.
నెత్తుట్లో పడితే తొందరగా తునకలైపోతుంది,
మోతాదు మించితే మన కణం గోడ కూడా
దానికి గోడే.
అందాకా దండాసి కాలు ఆగదు కదా.

మెట్లు దిగి వెళ్లాను.
“ఒక్క మందు మిగిలిందమ్మా. ఇంజక్షను.
డాక్టరుగారు రాస్తారు.
అన్నన్ని రోజులూ వేయించాలి, సగంలో ఆపకూడదు.”
“కప్ప” అనే మాట పెదవిదాకా వచ్చి
మళ్లీ లోపలికి దూకింది.
ఆమె వేళ్లు మడిచి రోజులు లెక్క పెట్టుకుంది.
రోజులో, రూపాయలో.

బయట వాన వెలిసింది.
మా దూదీ, మా కడుగునీళ్లూ, మా మందుల మిగులూ పారే కాలవలో
కప్పలు ఒకటే గోల.
స్కూటరు స్టార్టు చేసే ముందు
సెల్‌ఫోను లైటు అటు తిప్పాను.
ఇరవై ఆరేళ్లయింది, ఆ కప్ప ఉండదు, ఇది ఆ ఊరు కాదు.
అయినా
కాళ్లకేసే చూస్తాను.