మాగ్‌పై పక్కింటికి మారింది

పచ్చిక ఉన్నన్నాళ్లూ
గ్లెనిస్ పెరటికి మాగ్‌పైదే పెత్తనం.
చేతులు వెనక్కి కట్టుకున్నట్టు నడక,
తల వాల్చి
మట్టిలో పురుగు మెసలడం వినేది.

బాలరాట్‌లో నీళ్లకి కోత పెట్టిన ఏడు
ఆమె గడ్డి పెళ్లగించింది.
బాటిల్‌బ్రష్, గ్రెవిలియా, ముళ్ల హేకియా,
మోకాలెత్తు మొక్కలు,
ఒక్కోదానికీ పాత మేజోడు ముక్కతో కట్టు.
పక్కింటి నెవిల్ గడ్డి మిషను ఆపి అడిగాడు:
"పాముల కోసమా?"

రెండేళ్లు ఏదీ రాలేదు.
మూడో సెప్టెంబరులో
హేకియా ముళ్ల లోపల నీలంగా ఏదో కదిలింది,
బొటనవేలంత, తోక నిక్కించుకుని.
వెనకే మట్టిరంగువి నాలుగు,
ఒకదాని మాట ఒకటి వినకుండా.

గ్లెనిస్ టీ చల్లారిపోయింది.

మాగ్‌పై ఇప్పుడు నెవిల్ గడ్డిలో తిరుగుతుంది.
అప్పుడప్పుడు కంచె మీద వాలి
ఆమె మొహం గుర్తుపడుతుంది,
కాలు మోపే చోటు వెతికి
వెళ్లిపోతుంది.