తడి బల్బు, పొడి బల్బు

ఫిబ్రవరి పదకొండు, పొద్దున ఎనిమిదిన్నర.
పొడి బల్బు ఇరవై ఒకటి, తడి బల్బు పదిహేడు.
మౌలాలీ గుట్ట సగం వరకే ఉంది,
పై సగం మంచు మింగింది.
చర్లపల్లి రైలు కూత చెవి పక్కనే వినబడింది
కాబట్టి తూర్పుగాలి అని రాశాను.
గాలి దిక్కు చూపే పరికరం మా బడికి లేదు,
రైళ్లున్నాయి.

మేడ మీద, ఉత్తరం గోడకు
తెల్లరంగు వేసిన చెక్కపెట్టె.
అందులో పక్కపక్కనే రెండు థర్మామీటర్లు.
ఒకదాని కాలికి మల్లు గుడ్డ చుట్టి
కొసను గిన్నెలో నీళ్లలో వదులుతాం.
రెండింటికీ తేడా ఎంతో
గాలికి దాహం అంత.
తొమ్మిదో తరగతికి ఇట్లాగే చెప్పాను.
"మరి గాలి నీళ్లెక్కడ తాగుతది సార్?" అంది ఫర్హీన్.
దొరికిన చోటల్లా, అన్నాను.
ఆరేసిన చున్నీలో, చెరువులో, నీ పెదవుల మీద.

శివరాత్రి మర్నాడు.
శివశివా అంటూ పోవాల్సిన చలి
వాచ్‌మన్ మఫ్లర్‌లో ఇంకో రెండు రోజులు దాక్కుంది.

ఇరవై: వేప ఆకు రాలుస్తోంది. ఊడ్చిన చోటే మళ్లీ.
ఇరవై మూడు: రాయలేదు. పరీక్షల డ్యూటీ.
ఇరవై ఆరు, మధ్యాహ్నం రెండున్నర:
ముప్పై అయిదు, పంతొమ్మిది.
"పదహారు తేడా," అంది ఫర్హీన్.
రోజా ఉంది. పెదవులు ఎండిపోయాయి.
నీడకు పొమ్మంటే
పెన్సిల్ ఇటివ్వండి అంది.

కాముని పున్నమి.
చెక్కపెట్టె తలుపు మీద ఎవరిదో గులాబీ అరచెయ్యి.
ఇంకా తుడవలేదు.

మార్చి అయిదు, తేడా మూడు.
ఆరు, ఒకటి.
ఏడు, సున్నా.
సున్నా అంటే గాలి కడుపునిండా తాగిందని.
మబ్బు తునక లేకపోయినా
రేపో ఎల్లుండో వాన అని
స్టాఫ్ రూంలో గొప్పగా చెప్పాను.
కనకరత్నం టీచరు అప్పడాలు ఎండబెట్టడం మానుకుంది.

ఎనిమిదిన ఫర్హీన్ వేలు పెట్టి చూసింది.
గుడ్డ కరకరలాడింది.
గిన్నె అడుగున తెల్లటి గీత, అంతే.

అప్పుడు గుర్తొచ్చింది బాలనర్సమ్మ.
గంట కొట్టి, చాక్‌పీసులు పంచి,
మోకాళ్లు పట్టుకుని మేడెక్కి
రోజూ ఆ గిన్నె నింపేది.
బోరు నీళ్లకు గుడ్డ గారపడుతుందని
పాత దగ్గుమందు సీసాలో
ఇంటి నుంచి మంజీర నీళ్లు తెచ్చేది.
తెమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు.
నాలుగు రోజులుగా ఆమె రాలేదని
నాకూ ఎవరూ చెప్పలేదు.
థర్మామీటరు చెప్పింది, నేను వాన అనుకున్నాను.

లాలాగూడలో ఇల్లు. గుమ్మానికి వేపమండ.
మనవడికి అమ్మవారు పోసింది.
వాడు గోడకు వీపు రుద్దుకోకుండా
రెండు చేతులూ పట్టుకుని కూర్చుంది.
"ఎండలు ముదిరే ముందట వస్తది సారూ,
ఏడాదికోపారి ఎవలకో ఒకలకు."
కాసేపాగి,
"గిన్నెల నీళ్లు పోస్తున్నరా?"
వేపాకు కేసి చూశాను.
కొత్త చిగురు, ఎర్రగా, తడిగా.

పది. సాయంత్రం రాళ్లవాన, ఆరు నిమిషాలు.
నాలుగు మిల్లీమీటర్లు.
ల్యాబు కిటికీలో పదకొండు రాళ్లు,
ఒకటి రేగుపండంత, ఫర్హీన్ లెక్క.
"మీరు చెప్పినట్టే పడింది," అంది కనకరత్నం టీచరు.
కాదని చెప్పబోయి
టీ తాగాను.

పన్నెండు. ఫారం పంపాలి.
అయిదు, ఆరు, ఏడు అంకెలు కొట్టేయాలి, తప్పులు కదా.
కొట్టేయలేదు.
విశేషాల గడి అగ్గిపుల్లంత ఉంటుంది,
అందులో ఇరికించి రాశాను:
బాలనర్సమ్మ సెలవు.

ఈ పూట ఇరవై ఆరు, పద్దెనిమిది.
పడమటి గాలి, రైలు వినబడలేదు.
మేడ మెట్ల మీద పైదాకా
నీటి చుక్కలు,
ఇంకా ఆరలేదు.