అక్షరానికి మూడు రూపాయలు

కురుపాం మార్కెట్‌లో, గడియారాల రిపేరు కొట్టు పక్కన
నాలుగడుగుల వెడల్పు నా షాపు.
ముప్పై ఒక్క ఏళ్లుగా ఇత్తడి రేకుల మీద
గెలిచినవాళ్ల పేర్లు చెక్కుతున్నాను.
ఉత్తమ ఆటగాడు, ఉత్తమ గోల్‌కీపర్,
ఎక్కువ గోల్స్ కొట్టిన వీరుడు
ఈ మాటలకి చూపక్కర్లేదు, చెయ్యే పోతుంది.
పేరు దగ్గరకొచ్చాకే కళ్లజోడు పెట్టుకుంటాను.

గరికిన ఎల్లాజీ పేరు
ఒక్క రేకు మీదకీ రాలేదు.

ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీలో వాడి పని.
తెల్లారి మూడింటికి దిమ్మలు లాగుతాడు,
కొక్కెం వేసి, మోకాళ్లు మడిచి, నడుం నేలకి దించి.
సాయంత్రం చక్రాల బూట్లు కట్టుకున్నాక
రింకులోనూ అదే ఒంగుడు.
మంచు మీద ఆడాల్సిన ఆటని
మా ఊరు సిమెంటు గచ్చు మీద ఆడుతుంది.
ఐసంతా వంజరాల మీద, రొయ్యల మీద పోయగా
మనుషులకి మిగల్లేదు.

షిఫ్టు మధ్యలో కుర్రాళ్లు
చలిదేశాల మ్యాచ్ ఫోన్‌లో పెట్టుకుని
గోలు పడగానే కేకలేస్తారు.
ఎల్లాజీ గోలు చూడడు.
"ఆ ఎనకాల నిలబడ్డోడున్నాడే,
ఆడికేసి సూడండ్రా" అంటాడు.
ఎవరూ చూడరు. కెమెరా కూడా అటు తిరగదు.

మొన్నటి ఫైనల్‌కి నేనూ వెళ్లాను.
సముద్రపు తేమకి గచ్చు జారుతోంది.
రొంగలి దిలీప్ మూడు గోల్స్ కొట్టాడు.
గోలుకి ముందు పాసు కాగితం మీద రాస్తారు,
ఆ పాసుకి ముందు పాసూ రాస్తారు.
దానికీ ముందు
గోడవార ఇద్దరు మీద పడుతుంటే
నల్లబిళ్లని పాదంతో అదిమి
తాను పడిపోతూ, పక్కటెముకల కిందనుంచి
బయటికి తోశాడే ఒకడు,
అది రాయడానికి గడి లేదు.
లెక్కలు రాసే సన్యాసమ్మ టీచర్ని అడిగాను.
"పడని గోలుకి గీత ఎక్కడ గీయమంటారండీ?" అంది.
కోపంగా కాదు, నిజంగానే అడిగింది.

సంఘం కార్యదర్శినీ అడిగాను, రేకు ఆర్డరు ఇవ్వడానికొస్తే.
"బాగా ఆడతాడు. పన్నెండేళ్లుగా బాగా ఆడతాడు.
కానీ ఏం ఆడాడని మైకులో చెప్పాలి?"
నా దగ్గరా జవాబు లేదు.
దిలీప్ పేరు చెక్కాను. ఆ కుర్రాడు మంచోడే,
కప్పు అందుకుంటూ వెనక్కి తిరిగి చూశాడు.
ఎల్లాజీ అప్పటికే
రాత్రి బోట్లకి ఐసెత్తాలని వెళ్లిపోయాడు.

ఆ వారం ఒక రాత్రి షట్టరు సగం దించి
మిగిలిన ముక్క మీద వాడి పేరు చెక్కాను,
కింద 'ఉత్తమ' దాకా వచ్చి ఆగాను.
ఎవరూ ఇవ్వని మాట నేను ఇచ్చేస్తే
ఇన్నేళ్లు చెక్కినవన్నీ ఏమవుతాయి?
ముక్కని తుక్కు డబ్బాలో వేశాను.
చాలాసేపు నిద్ర పట్టలేదు.

నెల తర్వాత వాడే వచ్చాడు,
చొక్కా నిండా చేప వాసన,
చేతిలో ఐసు కొక్కెం.
"రోజూ మారిపోతంది మావా, పేరెట్టు."
ఇనుము మొండిది. రెండు ములుకులు విరిగాయి.
పట్టు దగ్గర అరిగిపోయి
వాడి అరచెయ్యి ఆకారం అప్పటికే ఉంది,
దాని పక్కన చోటు వెతుక్కున్నాను.
"ఇంటిపేరు కూడా వెయ్యనా?"
"ఎందుకు మావా, ఫ్యాక్టరీకంతా
ఎల్లాజీ నానొక్కణ్నే."

కళ్లజోడు తుడుచుకుని చెక్కాను.
ఎ, ల్లా, జీ.
డబ్బులొద్దన్నాను, వాడు వినలేదు.
మూడక్షరాలు, తొమ్మిది రూపాయలు.
పది ఇచ్చి
రూపాయి చిల్లర అడిగి తీసుకుని
ఆటో వెనకాల పరిగెత్తాడు,
ఒంగి, మోకాళ్లు మడిచి.