నూట పదిహేడో రసీదు

చందా పది రూపాయలు.
కార్బన్ కాగితం సర్దుకుని
పేరు రాయబోతూ ఆగాను.
'రుపేన్ దైమారి' అన్నాడు.
మూడుసార్లు చెప్పించుకున్నాను.
మూడోసారికి నవ్వాడు.
పలాస స్టేషన్లో అస్సాం నుంచొచ్చి దిగాక
పేరేంటని ఒకరు అడగడం అదే మొదలంట.

అప్పటిదాకా మేం పెట్టిన పేర్లు వేరు.
కళ్ళు చూసి ఒకటి, ముక్కు చూసి ఒకటి,
తిరగని నాలుక విని మరొకటి.
అవి ఇక్కడ రాయను.
యూనియన్ పుస్తకంలో అలాంటివాటికి గడి లేదు
అని గొప్పగా చెప్పుకుందునుగానీ,
పోయినేటి రిజిస్టర్లో 'మనోళ్ళు', 'పైవాళ్ళు' అని
స్కేలు పెట్టి ఎర్రగీత కొట్టింది నేనే.

మా పని ఇది:
ఉడికిన గింజని కత్తి కింద పెట్టి
కాలితో తొక్కితే రెండుగా విచ్చుకుంటుంది.
పెంకులోంచి జీడి చిమ్ముతుంది.
బూడిద రాసుకున్నా, ఆముదం పూసుకున్నా
వారం తిరిగేసరికి అరచెయ్యి మాడిన అట్టు.
దాలమ్మప్ప వేళ్ళ మీద గీతలు పోయి ముప్పై ఏళ్ళు.
రేషన్ డిపోలో మిషన్
ఆమెనెప్పుడూ గుర్తుపట్టదు.
రుపేన్ వచ్చి నాలుగు నెలలే.
అప్పుడే అతన్నీ గుర్తుపట్టడం మానేసింది.

పక్క షెడ్డులో పప్పుకి రంగు చూస్తారు.
తెల్లగుడ్డు ఈ డబ్బాలోకి, మాడింది ఆ డబ్బాలోకి,
బద్ద, తునక, నూక.
పగలంతా వేరుచేసిన కళ్ళు
గేటు దాటాక కూడా
ఆ పని మానవేమో.

గున్నయ్య టీ కొట్లో మాకు గాజుగ్లాసు,
వాళ్ళకి కాగితం కప్పు.
'ఆళ్ళు ఏటేటో తింతారు కదమ్మా'
ఎవరూ అడక్కుండానే అన్నాడు గున్నయ్య.
దాలమ్మప్ప సగం తాగిన టీ కింద పెట్టింది.
'మా అయ్యకి మీ తాత కొబ్బరిసిప్పలో పోసీవోడు.
అప్పుడూ ఇదే మాట సెప్పీవోడు బాబూ,
తిండి మాటే.'
తర్వాత చాలాసేపు
పొయ్యి మీద పాలు పొంగిన చప్పుడే.

మర్నాడు కటింగు షెడ్డు ఆడవాళ్ళం నలభై మందిమి
వరసలో నిలబడి
మాకూ కాగితం కప్పే ఇమ్మన్నాం.
తొమ్మిదింటికి కప్పులు అయిపోయాయి.
పదింటికి గున్నయ్య గ్లాసులన్నీ
ఒకే బకెట్లో ముంచి కడిగాడు.
మనసు మారిందో లేదో నాకు తెలీదు.
బకెట్ మాత్రం ఒకటే.

అసలు గొడవ కిలోకి రెండు రూపాయలు.
వాళ్ళకి అంత తక్కువ.
'ఆళ్ళొచ్చి మీ కూలి తగ్గించీసినారు' అని మాతో,
'వీళ్ళు మిమ్మల్ని తరిమేస్తారు' అని వాళ్ళతో,
ఒక్కడే మేస్త్రీ,
ఒక్కటే నాలుక, రెండు భాషలు.

రాత్రి మీటింగులో జోగారావు లేచాడు.
'మనోళ్ళకే పని లేదు, మద్దిని ఈళ్ళేటి?'
పాపం, అది పగ మాట కాదు,
పస్తు మాట.
ఎప్పుడూ నోరు విప్పని లోలాక్షి
గోళ్ళలో ఇరుక్కున్న పప్పు పొట్టు తీసుకుంటూ
తల ఎత్తకుండానే అడిగింది:
'నీ తమ్ముడు గుజరాత్ల పడవ మీద ఉన్నాడు కాదేటి?
ఆణ్ణక్కడ ఏటని పిలుస్తారో
నీకెప్పుడైనా సెప్పినాడా?'

జోగారావు కూర్చోలేదు. మాట్లాడలేదు.
హౌరా వైపు బండి ఒకటి
షెడ్డు రేకులు అదరగొట్టుకుంటూ పోయింది.
అది పోయాక
జేబులోంచి పది రూపాయలు తీసి నా ముందు పెట్టాడు.
'ఆ కుర్రోడికి ఈ నెల డబ్బులు అందలేదంట.
రాసీ.'

అదీ నూట పదిహేడో రసీదు.
ఆ రెండు రూపాయలు ఇంకా రాలేదు.
రేపు ఆరింటికి గేటు దగ్గర కూర్చుంటున్నాం,
పోలీసులొస్తారని గున్నయ్యే చెప్పాడు.

సంతకం అతను తన భాషలో పెట్టాడు.
అది నాకు చదవడం రాదు,
నేను రాసింది అతనికి రాదు.
పేజీ తిప్పి చూస్తే
రెండూ ఒకే నీలంలో దిగి ఉన్నాయి.

వెనకాల ఇంకా జనం ఉన్నారు.
రామ్మా, ముందుకి రా.
నీ పేరు?
కంగారేం లేదు, నెమ్మదిగా చెప్పు.
మళ్ళీ ఒకసారి చెప్పు.