ఐదు పాయింట్ ఒకటి

ట్రోమ్సోలో నవంబరు చివరి వారం.
సూర్యుడు ఇక జనవరిలోనే.
మధ్యాహ్నం రెండింటికి రేవులో దీపాలు,
దీపాల కింద మా సర్వే ఓడ,
ఓడలో సముద్రం లోతు కొలవాల్సిన కొత్త కంప్యూటర్,
దానిమీద మా పాత ప్రోగ్రాం
బిల్డ్ కానంటోంది.

నలభై మూడో ఫైలు దగ్గర
ఎర్రటి వాక్యం ఒకటి:
మీ కంపైలర్ మరీ పాతది.

పాతదా?
నిన్న రాత్రే కదమ్మా దించుకున్నాను,
దానికింకా పురిటి వాసన పోలేదు.

మళ్లీ నడిపాను. మళ్లీ అదే మాట.
మూడోసారి ఎందుకు నడిపానో నాకే తెలీదు,
తాళం తీయని తలుపును
ఇంకోసారి లాగి చూస్తామే, అలా.

వెతుక్కుంటూ పోతే
ఒక హెడర్ ఫైలు అడుగున, ఐవిన్ కట్టిన గేటు.
పెద్ద అంకె నాలుగుకు తగ్గకూడదు.
చిన్న అంకె మూడుకు తగ్గకూడదు.
రెండూ కుదిరితేనే లోపలికి.

నాలుగు పాయింట్ మూడు వచ్చింది, వెళ్లింది.
నాలుగు పాయింట్ తొమ్మిది తలెత్తుకుని వెళ్లింది.
ఇవాళ ఐదు పాయింట్ ఒకటి వచ్చి నిలబడింది.
ఐదు, సరే.
మరి ఈ ఒకటేమిటి? మూడేదీ?
పో వెనక్కి.

నాలుగేళ్ల మూడు నెలలు నిండాలని
బడి గుమ్మంలో బోర్డు పెట్టి,
ఐదేళ్ల నెల పిల్లను
నెలలు చాలలేదని తిప్పి పంపినట్టు.

ఐవిన్‌కు ఫోన్ చేశాను.
ఉద్యోగం మానేసి సెన్యాలో వలలు బాగుచేసుకుంటున్నాడు.
గాలి హోరులోంచి నవ్వు వినిపించింది:
"ఐదు వస్తుందని ఎవరనుకున్నారు?
నాలుగుతోనే పదేళ్లు కాపురం చేశాం."

కోపం రావాల్సింది. రాలేదు.

గేటు పీకేశాను.
అంకెలడగడం మానేసి
రెండు వరుసల చిన్న కోడ్ చేతికిచ్చి
ఇది చదవగలవా అని అడిగాను.
చదివింది.
రా మరి.

నలభై నాలుగు, అరవై, తొంభై,
ఫైళ్లు గబగబా దిగిపోతున్నాయి,
కాఫీ పోసుకునే ధైర్యం కూడా వచ్చింది.
ఓడ నుంచి కెప్టెన్ రాగ్న్‌ఫ్రిద్ అడిగింది,
"అయిందా?"
అయినట్టే, అన్నాను.

నూట పన్నెండు దగ్గర మళ్లీ ఎరుపు.
ఇంకో గేటు. ఇది మరీ మొరటుది:
నాలుగైతేనే రానివ్వు.
నాలుగు, ఆపైన అని కూడా లేదు.
కట్టిందెవరా అని పైకి చూస్తే
తారీఖు పక్కన
నా పేరు.

"అయినట్టే అంటే?" అంటోంది రాగ్న్‌ఫ్రిద్.